ముందు సందు తేల్చుకో

చి. శ్రావణికి,

నువ్వు సీఎన్‌సీ మెషీను మీద కోసి పంపిన సర్క్యూట్ బోర్డు ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ఎడమ పక్క గీతలు సన్నగా, శుభ్రంగా పడ్డాయి. కుడి పక్కకు వచ్చేసరికి ఐసీ కాళ్ల మధ్య రాగి దాదాపు అంతా లేచిపోయింది. "బిట్లు మంచివి కావేమో, 10 డిగ్రీలవి తెప్పించనా పెదనాన్నా?" అని అడిగావు. ఇప్పుడే తెప్పించకమ్మా. ఒకే బిట్టు ఒక పక్క బాగా కోసి మరో పక్క చెడగొట్టిందంటే తప్పు బిట్టుది కాదు. బాలానగర్ టూల్‌రూములో నా ఉద్యోగమంతా కోత పనిముట్ల మధ్యే గడిచింది. నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నీ దగ్గర ఉన్నవి వి-బిట్లు. వాటి మొన ఎంత సన్నగా ఉన్నా పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. అందుకని గీత ఎంత వెడల్పు పడుతుందో మొన ఒక్కటే చెప్పదు, అది ఎంత లోతు దిగిందో కూడా చూడాలి. లెక్క చిన్నదే. బిట్టు కోణంలో సగం తీసుకో, దాని టాంజెంటును లోతుకు రెట్టింపుతో గుణించు, వచ్చినదానికి మొన వెడల్పు కలుపు. మొన 0.1 మి.మీ., కోణం 30 డిగ్రీలు, లోతు 0.1 మి.మీ. అయితే గీత 0.15 మి.మీ. పడుతుంది. అదే మొనకు కోణం 60 డిగ్రీలైతే 0.21 దాటుతుంది. లోతు 0.2కు పోయిందనుకో, మొదటిది 0.21కి, రెండోది 0.33కి చేరుతుంది. నీ ఐసీ దగ్గర జరిగింది ఇదే. అక్కడ పలక కొంచెం పైకి ఉబ్బి ఉంది, బిట్టు నువ్వు అనుకున్న దానికన్నా లోతుగా దిగింది.

బోర్డు మీద రాగి మందం మామూలుగా 35 మైక్రాన్లు, అంటే 0.035 మి.మీ. పలక సమంగా ఉంటే 0.07 లోతు చాలు, రాగి పూర్తిగా తెగుతుంది. ఆ కింద ఉన్నది గాజు నార. దాన్ని కోసినకొద్దీ మొన అరిగిపోవడం తప్ప నీకు ఒరిగేదేమీ లేదు. కానీ అరచేతి వెడల్పు పలకలోనే 0.2 మి.మీ. ఎత్తుపల్లాలు ఉండటం మామూలు. కాబట్టి ఎత్తుల కొలత తీయకుండా ఒక్క గీత కూడా గీయకు. కంట్రోలర్ బోర్డు మీద ప్రోబ్ పిన్నులు రెండు ఉంటాయి. ఒక వైరు క్లిప్పుతో రాగికి, రెండోది బిట్టుకు తగిలించు. మొన రాగిని తాకగానే మెషీనుకు తెలుస్తుంది. క్యాండిల్‌లోనూ బీసీఎన్‌సీలోనూ (మెషీను నడిపే సాఫ్ట్‌వేర్లు) ఇలా ఎత్తులు కొలిచే సదుపాయం ఉంది. సెంటీమీటరుకు ఒకచోట కొలిచినా సరిపోతుంది. స్పిండిల్ ఆన్ చేసేముందు ఆ క్లిప్పులు తీయడం మాత్రం మర్చిపోకు.

తర్వాత చూడాల్సింది బిట్టు ఊగడం. సన్న మొన బిట్లు విరగడానికి పెద్ద కారణం ఇదే, అయినా కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసేదీ ఇదే. మెషీను ప్లగ్గు తీసేసి, డయల్ గేజీ ముల్లును బిట్టు షాంకుకు ఆనించి, స్పిండిల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పు. ముల్లు మొత్తం 0.05 మి.మీ. కదిలితే గీత కూడా ఇంచుమించు అంత వెడల్పవుతుంది. 0.1 మి.మీ. మొన మీద అది సగం! బిట్టును పట్టుకునే కొలెట్ విప్పి లోపలి దుమ్ము బ్రష్షుతో తుడువు. కొలెట్‌ను ముందు నట్టులో టక్కుమని కూర్చునేలా నొక్కి, ఆ తర్వాతే స్పిండిల్‌కు బిగించు. బిట్టును కొలెట్‌లో కొద్దిగా తిప్పి మళ్లీ కొలువు. ఏదో ఒకచోట ఊపు తగ్గుతుంది. బయటికి ఎంత తక్కువ వేలాడితే అంత మంచిది. డయల్ గేజీ లేకపోతే రాణిగంజ్‌లో కొనుక్కో, డబ్బులు నేను పంపుతాను. ఖరీదైన బిట్ల పెట్టె కన్నా అది నీకు పదిరెట్లు పనికొస్తుంది.

ఇప్పుడు బిట్ల సంగతి. కేటలాగు తెరిచేముందు నీ డిజైన్లో అన్నిటికన్నా ఇరుకైన సందు ఎంతో తేల్చుకో. పాతకాలపు రెండు వరసల ఐసీలో కాళ్ల దూరం 2.54 మి.మీ., ప్యాడ్లు పోను సందు ముప్పావు మిల్లీమీటరుకు తగ్గదు. 1.27 మి.మీ. దూరం ఉన్న ఎస్‌ఓఐసీలోనూ అర మిల్లీమీటరుకు పైగానే మిగులుతుంది. 0.65 మి.మీ. దూరం ఉన్నవాటిలోనే సందు 0.25–0.3కి దిగుతుంది. అంటే 0.2 లోపు గీత పడితే నీ పనులన్నీ సాగుతాయి. దానికి 30 డిగ్రీలు, 0.1 మొన బిట్టు నిక్షేపంలా సరిపోతుంది. 10 డిగ్రీల బిట్టు లోతు తేడాను బాగా ఓర్చుకుంటుంది, నిజమే. కానీ మొన పొడుగ్గా, పలచగా ఉండి రాగి మీద దిగేటప్పుడే చిట్లుతుంది. కార్బైడ్ గట్టిదే గానీ పెళుసు. సందు వెడల్పుగా ఉన్నచోట 0.4 మి.మీ. ఎండ్ మిల్ వాడు. దానికి లోతు మారినా వెడల్పు మారదు.

పెట్టె మీద 0.1 అని రాసినంత మాత్రాన మొన 0.1 ఉంటుందని నమ్మకు. చౌక బిట్లలో మొనకూ మొనకూ తేడా ఉంటుంది. పనికిరాని ముక్క మీద ఒక గీత గీసి, యూఎస్‌బీ మైక్రోస్కోపు కింద దాని వెడల్పు కొలిచి, ఫ్లాట్‌క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో టూల్ వ్యాసం అడిగినచోట ఆ కొలతే ఇవ్వు. నీ 3018 మెషీను స్పిండిల్ నిమిషానికి 10,000 చుట్లకు మించి తిరగదు, దాన్ని పూర్తి వేగంలోనే నడుపు. నిమిషానికి 150 మి.మీ. నడకతో మొదలుపెట్టు. మరీ నెమ్మదిగా నడిపితే అంచు కోయదు, రాస్తుంది. దాంతో వేడెక్కి మొద్దుబారుతుంది. గీత అంచున రాగి పొట్టు లేస్తోందంటే బిట్టు అరిగిందనుకో, మార్చేయ్. ఆ పొట్టును స్కాచ్‌బ్రైట్‌తో తీయి. స్టీలు ఊలు వద్దు, దాని పోగులు సందుల్లో ఇరుక్కుని షార్టు చేస్తాయి.

రంధ్రాలకు 0.8, 1.0 కార్బైడ్ డ్రిల్లులు చాలు. హెడర్ పిన్ను 0.64 మి.మీ. చదరం కాబట్టి మూల నుంచి మూలకు 0.9 ఉంటుంది, దానికి 1.0 వాడాలి. ఈ డ్రిల్లులను చేతి డ్రిల్లుకు పెట్టకు, కాస్త పక్కకు ఒరిగితే విరుగుతాయి. బోర్డు చుట్టూ కోయడానికి మొక్కజొన్న పొత్తు మీది గింజల్లా పళ్లున్న రూటర్ బిట్టు దొరుకుతుంది, 1 మి.మీ.ది తీసుకో. ఒకేసారి అడుగంటా కోయకు, నాలుగైదు విడతల్లో దించు.

గాజు నార బోర్డు బిట్లను తినేస్తుంది. చేయి కుదిరేదాకా కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే గోధుమరంగు పేపర్ ఫినాలిక్ పలకల మీద చెయ్యి. వాటి మీద బిట్టు చాలాకాలం వస్తుంది. మళ్లీ మళ్లీ టంకం పెట్టి తీస్తే ప్యాడ్లు ఊడతాయి, అదొక్కటే వాటితో ఇబ్బంది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది దుమ్ము గురించి. గాజు నార దుమ్ము కళ్లకు, చర్మానికి, ఊపిరితిత్తులకు మంచిది కాదు. నువ్వు పడుకునే గదిలోనే మెషీను పెట్టావని మీ అమ్మ చెప్పింది. దాన్ని ఈ వారంలోనే బాల్కనీ పక్క గదిలోకి మార్చు. కోస్తున్నంతసేపూ బిట్టు పక్కన వ్యాక్యూమ్ గొట్టం నడవాలి. ఎన్-95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోవాలి, విరిగిన మొన ఎటు ఎగురుతుందో తెలియదు. పొడిని నోటితో ఊదకు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను విడిగా ఉతుకు. ఫినాలిక్ దుమ్ముకైనా ఇవే జాగ్రత్తలు. మెషీను మార్చాక నాకు ఫోన్ చెయ్యి, ఎత్తుల కొలత వీడియో కాల్‌లో ఇద్దరం కలిసి తీద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న