ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వెయ్యకు బిడ్డా

ఆర్మూర్



మీ చిన్నబాపు కొడుకు దసరాకు వచ్చిండు. మాటల మీద మాట వచ్చి, "అక్కా నేను కుంటాల చూసి పాత రోడ్డున మహబూబ్ ఘాట్ మీదికెళ్లి దిగినం, ఘాటంతా అక్క బండిని న్యూట్రల్‌లనే ఉంచింది, పెట్రోల్ చుక్క కూడ కాలలేదు" అని సంబురంగ చెప్పిండు. అది విన్నకాన్నుంచి నాకు అన్నం సయిస్తలేదు. ఫోన్ చేస్తే నువ్వు "సరే పెద్దబాపూ" అంటవు, పెట్టేస్తవు. అందుకే కాగితం తీసుకున్న. నిదానంగ చదువు.

ముందుగాల నువ్వు పోయినసారి అడిగినదానికి జవాబు చెప్త. "రోజూ నిజామాబాద్ పోయి వస్తే మైలేజీ బాగ వస్తున్నది, హైదరాబాద్ హైవే మీద ఒక్కతీరుగ నడిపితే తగ్గుతున్నది, ఇదేం ఉల్టా" అని రాసినవు గదా. నీ బండికి ఏ రోగం లేదు. హైబ్రిడ్ బండి గుణమే అది. మా లారీలకు ఊరు పడకపోయేది, హైవే పడేది. నీ హైరైడర్ బండికి ఊరే మంచిగ పడుతది.

ఎందుకంటే, మామూలు బండిల బ్రేకు కొడితే వేగమంతా వేడి అయిపోతది. ఆ వేగం తెచ్చుకోవడానికి నువ్వు కాల్చిన పెట్రోలు ప్యాడ్ల కాడ వేడై గాలిల కలుస్తది. నీ బండిల ఇంజిన్‌తోపాటు కరెంటు మోటరు కూడ ఉన్నది. నువ్వు ఆక్సిలేటర్ మీద కాలు తీసినా, బ్రేకు మెల్లగ అదిమినా చక్రాలే ఆ మోటరును తిప్పుతయి. తిరిగే మోటరు కరెంటు పుట్టిస్తది, ఆ కరెంటు బ్యాటరీల పడుతది. దాన్నే రీజెనరేటివ్ బ్రేకింగ్ అంటరు. మీ బాపు, నేను చిన్నప్పుడు పసుపు చేన్లకెళ్లి పొద్దుమూకినంక సైకిల్ మీద ఇంటికి వచ్చేది. డైనమో చక్రానికి ఆనిస్తే లైటు వెలిగేది, పెడలు మాత్రం బరువయ్యేది. మీ బాపు వెనుక కూసోని "అన్నా, లైటు బంద్ జెయ్, జల్ది పోదాం" అని ఒక్కతీరుగ సతాయించేటోడు. ఆ బరువే నీ బండిల బ్రేకు పని చేస్తది. హైదరాబాద్‌ల నువ్వు ఎక్కే మెట్రో రైలు కూడ స్టేషన్ వచ్చేటప్పుడు ఇట్లనే కరెంటు పుట్టించి లైనుకు తిరిగి ఇస్తది. ఇది కొత్త కనికట్టేం కాదు. జపాన్‌ల ప్రియస్ బండి 1997లనే ఈ పద్ధతితోటి రోడ్డెక్కింది.

ఇగ ఆలోచించు. ఆర్మూర్‌కెళ్లి నిజామాబాద్ పోయేదాంక నీ కాలు ఎన్నిసార్లు బ్రేకు మీదికి పోతది? మామిడిపల్లి చౌరస్తా, అంకాపూర్‌ల నాటుకోడి కోసం, మక్క కంకుల కోసం ఆగిన బండ్లు, మాణిక్‌బండార్, మధ్యమధ్య స్పీడ్ బ్రేకర్లు. పసుపు సీజన్ల అయితే మార్కెట్ యార్డుకు పోయే ట్రాక్టర్లు, డీసీఎంలు. నువ్వు వేగం తగ్గించినప్పుడల్లా కొంత వాపసు వస్తది, మళ్ల కదిలేటప్పుడు ఇంజిన్ లేవకుండ ఆ కరెంటుతోనే బండి జరుగుతది. హైవే మీద బ్రేకే కొట్టకపోతే వాపసు వచ్చేదేమున్నది? అక్కడ పెట్రోలును గాలే తింటది. గాలికి పోయింది ఏ మోటరూ తిరిగి తేలేదు.

ఇంటర్ చదివే మన మనవడు కాగితం మీద లెక్క కట్టి చూపించిండు. మనుషులతోటి బండి 1600 కిలోలు అనుకుంటే, 60 స్పీడుల ఉన్నప్పుడు దానిల ఉండే శక్తి 0.06 యూనిట్. 80కి పోతే 0.11. వేగం కొంచెమే పెరిగినా శక్తి రెండింతలకు దగ్గర పడ్డది. అదంతా బ్యాటరీకి రాదు. కొంత గాలికి, కొంత టైర్లకు, కొంత మోటరు వేడికి పోతది. గట్టిగ బ్రేకు తొక్కితే ఇంకా తక్కువ వస్తది. మోటరు, బ్యాటరీ ఒక్కపారి మింగగలిగేదానికి హద్దు ఉన్నది. ఆ హద్దు దాటితే మామూలు ప్యాడ్లు వచ్చి పట్టుకుంటయి. అందుకే దూరం నుంచే చూసి కాలు తియ్యి, ఆనక మెల్లగ అదుము. మీటర్ల ముల్లు చార్జ్ దిక్కు ఎంతసేపు ఆగితే అంత మంచిది. ఎనకటికెళ్లి నువ్వు మంచిగ చూసి నడిపేదానివే. నీకు బండి నేర్పిన చెయ్యి నాదే గదా.

ఇగ అసలు మాట. న్యూట్రల్.

నేను క్లీనరుగ ఎక్కిన కాలంల పసుపు బస్తాలేసుకోని నాగపూర్ దిక్కు పోయే లారీలు ఆ మహబూబ్ ఘాట్ మీదికెళ్లే పోయేటియి. కొందరు డ్రైవర్లు దిగుడు కాడ ఇంజిన్ బంద్ జేసి న్యూట్రల్ వేసేటోళ్లు. డీజిల్ మిగులుతదని ఆశ. ఇంజిన్ బంద్ అయితే బ్రేకులకు కావాల్సిన గాలి నిండది, ఉన్న గాలి తొక్కుడు తొక్కుడుకు తగ్గుకుంట వస్తది. లైనర్లు కాగి వాసన లేస్తది. కాగిన లైనరు ఎంత తొక్కినా పట్టదు. నేను కట్టె దిమ్మ చేతుల పట్టుకోని, తలుపు సగం తెరిచి, దుంకడానికి తయారుగ నిలబడేటోణ్ని. మా ఉస్తాద్ మాత్రం ఏనాడూ ఆ పని చెయ్యలేదు. "ఏ గేర్ల ఎక్కినమో ఆ గేర్ల దిగాలెరా" అనేటోడు. ఘాట్ కిందికి దిగినంక లారీ ఆపి, డ్రమ్ముల మీద చెయ్యి పెట్టి చూసేటోడు, నాతోటి కూడ పెట్టించేటోడు.  

నీ బండిల న్యూట్రల్ వేస్తే ఏం మిగులుతది బిడ్డా? ఏమీ మిగలదు. డ్రైవ్‌ల ఉంచి కాలు తీసినా దిగుడుల ఇంజిన్ పెట్రోలు తాగదు, పైంగ బ్యాటరీ నిండుతది. న్యూట్రల్ వేస్తే ఆ బ్యాటరీ నిండుడే బంద్ అయితది. మోటరు పట్టుకునుడూ పోతది, మిగిలేది ప్యాడ్లే. అంటే దేవుడిచ్చిన రెండు బ్రేకులల్ల ఒకదాన్ని నువ్వే చేతులారా తీసేసి, మలుపు మలుపుకు లోయ ఉన్న రోడ్డు మీద దిగినవు. ఎవరో వాట్సాప్‌ల చెప్పిండని ఇట్ల చెయ్యొచ్చునా? కోపంతోటి రాస్తలేను. మీ బాపు పోయినంక నిన్ను చూసుకునే బాధ్యత నాది అనుకున్న, గంతే.

ఇంకొక సంగతి కూడ ఉన్నది, ఇది చానామందికి తెల్వదు. నీ బ్యాటరీ చిన్నది, మొత్తం నిండితే 0.76 యూనిటే. అదీ అంతా వాడుకోనియ్యదు, పైనా కిందా కొంత మిగిల్చి పెడుతది. మనవడి లెక్క ప్రకారం 1600 కిలోల బండి 100 మీటర్ల ఎత్తు దిగితే 0.44 యూనిట్ శక్తి వస్తది. సగం పోయిందనుకున్నా, పెద్ద ఘాట్ దిగేటప్పుడు మధ్యలనే బ్యాటరీ నిండిపోతది. నిండినంక కరెంటు తీసుకోదు. అప్పుడు గేర్ లివర్‌ను బి లోకి తెచ్చుకో. ఇంజిన్ పట్టుకుంటది, బండి ఆగి ఆగి దిగుతది. ఇంజిన్ సప్పుడు ఒక్కసారే పెరిగితే భయపడకు, అది పెట్రోలు కాలుస్తలేదు, మిగిలిన శక్తిని అట్ల ఖర్చు పెడుతున్నది. ముందుగాల మన సిద్ధులగుట్ట ఘాట్ రోడ్డు మీద నేర్చుకో. గుడికి పోయి దర్శనం చేసుకోని, బి ల దిగుకుంట ముల్లు ఎటు పోతున్నదో చూడు. నేను పక్కన కూసుంట.

బి ల ఉన్నప్పుడు బండి మెల్లగయినా వెనుక ఎర్ర లైటు వెలగదు, బ్రేకు తొక్కితేనే వెలుగుతది. వెనుక బస్తాల ట్రాక్టరో లారీనో ఉంటే పెడలు ఒక్కసారి తాకించి వాళ్లకు తెలియజెయ్యి. బరువుతోటి ఉన్న లారీ ఎంత దూరంల ఆగుతదో నాకు తెలుసు.

వడ్లు కోతకొచ్చినయి. ఇంక రెండు వారాలకు మన దిక్కు సగం రోడ్ల మీద వడ్ల కుప్పలు, మీద పర్దాలు, చుట్టూ రాళ్లు. రాత్రి నల్ల పర్దా కనపడదు. గింజల మీద టైరు జారితే చక్రాలు బిగుసుకోకుండ ఏబీఎస్ అందుకుంటది, అప్పుడు కరెంటు ముచ్చట ఉండదు, ప్యాడ్లే దిక్కు. కాబట్టి చీకటి పడ్డంక ఊర్ల రోడ్లు వదిలిపెట్టి పెద్ద రోడ్డునే రా. పది నిమిషాలు ఆలస్యమైతే మీ పెద్దమ్మ అన్నం వేడి చేస్తది.

ప్యాడ్లు తక్కువ అరుగుతయి, అది ఈ బండితోటి పెద్ద లాభం. కానీ తక్కువ వాడుడుతోటి వానాకాలంల డిస్కులకు తుప్పు పడుతది. సర్వీసుకు ఇచ్చినప్పుడు "ప్యాడ్లు మంచిగున్నయి మేడం" అంటే సరే అని రాకు, డిస్కులు కూడ చూపించమను. పోయినసారి మీ అపార్ట్‌మెంటు వాళ్లకని పసుపు బస్తా వెనుక సీటు కాడ ఇరికిచ్చినవు. అక్కడ హైబ్రిడ్ బ్యాటరీకి గాలి పోయే జాలి ఉంటది, మాన్యువల్‌ల బొమ్మ ఉన్నది. దానికి బస్తా ఆనియ్యకు, పసుపు పొడి లోపలికి పోనియ్యకు. ఈసారి పసుపు బాగ కాసింది, దుంపలు మంచి లావుంటయి. ఉడికిచ్చి ఎండబెట్టినంక నీకు రెండు సంచులు తీసి పెడుత, ముందు కాళ్ల కాడ పెట్టుకోని పో.

చలి మొదలైంది, నీకు దగ్గు తొందరగ వస్తది, పాలల్ల పసుపేసుకోని తాగు. వచ్చే ఆదివారం గుట్టకు వస్తవా రావా, మీ పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పు. టైర్ల గాలి చూపించుకోనే బయలెల్లు.

ఇట్లు
మీ పెద్దబాపు