మొదటి ఎపిసోడ్‌తోనే మొదలెట్టాలా?

ప్రశ్న: హాస్టల్ రోజుల నుంచీ నాకు ‘సైన్‌ఫెల్డ్’ అంటే ప్రాణం. ఈమధ్యే పెళ్లయింది. మావారికి చూపిద్దామని ఎంతో సరదాపడి మొదటి ఎపిసోడ్ పెట్టాను. సగంలోనే ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. అయ్యాక, ‘ఇందులో నవ్వాల్సింది ఎక్కడ?’ అన్నారు. నిజం చెప్పొద్దూ, ఈసారి నాకూ పెద్దగా నవ్వు రాలేదు. లోపం ఆయనదా, నాదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీవారిని ఏమీ అనకండి, పాపం. ఆయన చూసింది మీరు ప్రాణం పెట్టుకున్న సిరీస్ కానే కాదు. 1989 జులై 5న ఎన్‌బీసీలో వచ్చిన ఆ అరగంటకి పేరే వేరు, ‘ది సైన్‌ఫెల్డ్ క్రానికల్స్’. ఎలైన్ అందులో లేదు. హోటల్లో కాఫీ పోసే క్లెయిర్ అనే ఆవిడ ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ కనిపించదు. క్రేమర్ ఉన్నాడు గానీ పేరు కెస్లర్. పైగా తలుపు తట్టి మరీ వస్తాడు! తర్వాత ఏళ్ల తరబడి తలుపు తోసుకుని, జారుతూ తూలుతూ లోపలికొచ్చి పడ్డ మనిషి అంత మర్యాదగా బయట నిలబడితే మీలాంటి వాళ్లకి వింత. మీవారికేముంది, పొరుగింటాయన తలుపు తట్టాడు, అంతే.

సస్పెన్స్ కథకి మొదటి ఎపిసోడ్ పెద్ద బలం. అప్పటికి మనకేమీ తెలియకపోవడమే అక్కడ కావలసింది. కామెడీకి అదే శాపం. జార్జ్ నోరు తెరవకముందే వీడిప్పుడు అబద్ధం ఆడతాడని మనకి తెలిసిపోవాలి, అప్పుడు గానీ నవ్వు రాదు. ఆ చనువు కుదరడానికి నాలుగైదు ఎపిసోడ్లయినా పడుతుంది. రాసేవాళ్లకీ అంతే. ఏ నటుడి నోట ఏ మాట పేలుతుందో, ఏది తుస్సుమంటుందో వాళ్లు కూడా తీస్తూ తీస్తూనే తెలుసుకుంటారు.

అసలు పైలట్ ఎపిసోడ్ తీసేది చానల్ పెద్దలకి చూపించి ఒప్పించడానికి. అచ్చం పెళ్లిచూపుల తంతే: అందరూ బిగదీసుకుని కూర్చుంటారు, ఉన్న గుణాలన్నీ అరగంటలో బయటపెట్టాలన్న ఆత్రం. ‘సైన్‌ఫెల్డ్’ సంబంధం దాదాపు తప్పిపోయింది. ముందుగా కొందరు ప్రేక్షకులకి వేసి చూపిస్తే, వాళ్ల అభిప్రాయాలతో తయారైన నివేదిక ‘బలహీనం’ అని తేల్చేసింది. దాన్ని బతికించిన రిక్ లడ్విన్ ఎన్‌బీసీలో కామెడీ సిరీస్‌ల విభాగం మనిషి కూడా కాదు, ప్రత్యేక కార్యక్రమాలూ రాత్రి పొద్దుపోయాక వచ్చే షోలూ చూసుకునే అధికారి. తన బడ్జెట్‌లోంచి బాబ్ హోప్ ప్రత్యేక కార్యక్రమం ఒకటి మానుకుని, ఆ డబ్బుతో నాలుగు ఎపిసోడ్లు తీయించాడు. నాలుగంటే నాలుగే. అవి 1990 మే నెలాఖరు నుంచి ప్రసారమయ్యాయి. ఎలైన్‌గా జూలియా లూయీ డ్రైఫస్ అడుగుపెట్టింది అప్పుడే.

కాబట్టి కొన్నాళ్లు ఊరుకోండి. ఆయన మొదటి దెబ్బ మరిచిపోయాక ‘ది చైనీస్ రెస్టారెంట్’ పెట్టండి. రెండో సీజన్‌లోది. ముగ్గురు మనుషులు హోటల్లో టేబుల్ ఖాళీ అవడం కోసం ఎదురుచూస్తారు, ఎపిసోడ్ మొత్తం అదే కథ. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ హోటల్ ముందు పేరు రాయించుకుని నిలబడ్డ అనుభవం ఉంటే చాలు, ఇంకే పరిచయమూ అక్కర్లేదు. ఒకటి రెండు సీజన్లు గడిచాక మొదటిది ఇద్దరూ కలిసి మళ్లీ చూడండి. చొక్కా గుండీ గురించి జెర్రీ, జార్జ్ మాట్లాడుకునే మాటలు జాగ్రత్తగా వినండి. 1998 మే 14న వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో వాటితో పని పడుతుంది. ఎలాగో మీకు తెలుసు, ఆయనకి చెప్పకండి.

ఇంకొక్క మాట. ఆయన చూస్తున్నంతసేపూ మీరు టీవీ వైపే చూడండి, ఆయన మొహంలోకి కాదు. ‘ఇప్పుడొస్తుంది చూడండి’ అని పక్కనుంచి అంటుంటే ఎంత మంచి జోకయినా చచ్చిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారు రెవెన్యూ శాఖలో చేసి రిటైరయ్యారు. ఇంగ్లిష్ బాగా వచ్చు, ఓపిక మాత్రం తక్కువ. మొదటి పది నిమిషాల్లో నచ్చకపోతే లేచిపోతారు. ఆయనతో కూర్చుని చూడదగ్గ కామెడీ చెప్పండి.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ‘యెస్ మినిస్టర్’. మరో ఆలోచన లేకుండా మొదటి ఎపిసోడే పెట్టండి. బీబీసీ టూలో 1980 ఫిబ్రవరి 25న వచ్చింది, పేరు ‘ఓపెన్ గవర్నమెంట్’. జిమ్ హ్యాకర్ కొత్తగా మంత్రి అయి, ప్రభుత్వంలో దాపరికం లేకుండా చేసేస్తానని ఉత్సాహంగా ఆఫీసుకొస్తాడు. ఆ శాఖ కార్యదర్శి సర్ హంఫ్రీ కాదనడు. ఎంతో వినయంగా ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోవడం చూడగానే మీ నాన్నగారికి తన సర్వీసులో చూసిన వాళ్లు వరసగా గుర్తొస్తారని నా నమ్మకం. ఆఫీసులో ఎన్ని రకాల కార్యదర్శులున్నారో హంఫ్రీ ఏకరువు పెడుతుంటే, వీళ్లందరికీ టైపు వచ్చా అని అమాయకంగా అడుగుతాడు మంత్రి. ఎవరికీ రాదు. టైపు చేసే ఆవిడ వేరే ఉంది.

పైన హనుమకొండ అమ్మాయికి చెప్పినదానికి ఇది విరుద్ధం కదా అనొచ్చు. ఇక్కడ మంత్రీ కొత్తే, మనమూ కొత్తే. ఆయనకి చెప్పే ప్రతి సంగతీ మనకీ తెలిసిపోతుంది, విడిగా పరిచయాలు అక్కర్లేదు. 1994లో వచ్చిన ‘ఫ్రెండ్స్’ మొదటి ఎపిసోడ్‌లో రేచల్ పెళ్లి గౌనుతో కాఫీ షాపులోకి పరిగెత్తుకొచ్చేదీ అందుకే. 1982 నాటి ‘చీర్స్’లో డయాన్ బార్‌లోకి వచ్చేదీ అందుకే. అయితే ఒకటి, ‘చీర్స్’ మొదటి ఎపిసోడ్ అంత చక్కగా కుదిరినా అప్పటి రేటింగుల్లో దాదాపు అట్టడుగున పడింది.

హంఫ్రీగా వేసిన నైజెల్ హాథార్న్ ఊపిరి తీసుకోకుండా పేరాలకి పేరాలు అప్పజెబుతాడు, కాబట్టి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. 2001లో స్టార్ ప్లస్ దీన్ని ‘జీ మంత్రీజీ’గా హిందీలో తెచ్చింది, ఫారూఖ్ షేక్ మంత్రి. దొరికితే అది తర్వాత చూడండి.

ప్రశ్న: ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’ని ఒకటో ఎపిసోడ్ నుంచి చూడకపోతే అసలు చూసినట్టే కాదని నా రూమ్మేట్ అంటాడు. నిజమేనా?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: ‘ఏ ఒకటో ఎపిసోడ్?’ అని అడగండి. 2007 సెప్టెంబర్ 24న ప్రసారమైనది రెండోసారి తీసిన పైలట్. మొదట తీసినదాంట్లో పెనీ లేదు, హోవర్డ్ లేడు, రాజ్ లేడు. పెనీ స్థానంలో కేటీ అనే కాస్త కటువైన అమ్మాయి. సీబీఎస్ దాన్ని పక్కనపెట్టి మళ్లీ తీయమంది. షెల్డన్, లియోనార్డ్ పాత్రలే మిగిలాయి. మీ స్నేహితుడి లెక్క ప్రకారం అతనూ చూడనట్టే.

ప్రశ్న: మా పిల్లలు ఇక్కడే పుట్టారు. తెలుగు అర్థమవుతుంది. నాకెంతో ఇష్టమైన ‘అమృతం’ చూపించాలని ఉంది. వరసగా వేస్తే అమృతరావు మారిపోతుంటాడు, వాళ్లు గందరగోళపడతారేమో!
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: పడతారు. 2001లో జెమినీ టీవీలో మొదలైన ఈ గుణ్ణం గంగరాజు సిరీస్‌లో శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ అమృతరావులే. అప్పట్లో వారం వారం చూసిన మనమే సర్దుకోవడానికి కొంత టైమ్ పట్టింది. పిల్లల చేత ఆంజనేయుల్ని పట్టుకుని నడిపించండి. గుండు హనుమంతరావు మారలేదు, ఆయన నవ్వించే తీరుకి భాష కూడా అంతగా అక్కర్లేదు. వరస పట్టించుకోకుండా మీకు బాగా గుర్తున్న కథ ఒకటి ఎంచుకోండి. మొదటి ఎపిసోడ్ మీ కోసం అట్టేపెట్టుకోండి, అది పాతికేళ్ల నాటి జ్ఞాపకం ఉన్నవాళ్లకి రుచించినట్టు పిల్లలకి రుచించదు.

జోకు మధ్యలో టీవీ ఆపి వివరించొద్దు. చెప్పాల్సింది ముందే చెప్పేయండి. ముఖ్యంగా అప్పాజీ గురించి. అద్దె ఆన్‌లైన్‌లో కట్టే ఊళ్లో పెరిగిన పిల్లలకి, ఇంటి ఓనరు గుమ్మంలోకి వస్తున్నాడంటే ఇద్దరు మగాళ్లు ఎందుకు గడగడలాడిపోతారో తెలియదు.