బిడ్డ చేతికి తొలి వేణువు

గత చైత్రంలో శ్రీరామనవమికి భద్రాద్రి వెళ్ళి వస్తూ మణుగూరు నుండి ఒక కుటుంబం పినపాకలో మా ఇంట ఆగింది. తండ్రి బొగ్గుగనిలో ఉద్యోగి. వెంట తొమ్మిదేళ్ళ కుమార్తె. కల్యాణమండపంలో స్వామికి మంగళసూత్రధారణ జరుగుతున్న వేళ జనమంతా వేదికవైపు చూస్తుంటే, ఆ పాప మాత్రం నాదస్వరం ఊదుతున్న విద్వాంసుని బుగ్గలవైపే చూసిందట. తండ్రి కాస్త బిడియపడుతూ అడిగాడు: "పంతులుగారూ, మా పాప సన్నాయి నేర్చుకుంటానంటోంది. ఆడపిల్లకు సన్నాయి ఏమిటని ఇంట్లో పెద్దలు అంటున్నారు. పోనీ, వేణువు కొనిపెట్టమంటారా?"

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. సుమారు నలభై ఏళ్ళ క్రితం ఇదే ప్రశ్నకు నేను నా కుమారునికి తప్పు సమాధానం చెప్పినవాణ్ణి. ఆ తప్పును ముందుగా మీ ముందుంచి, తరువాత విషయంలోకి వస్తాను.

నా కుమారునికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆలయంలో డోలు సన్నాయి మోగితే ఆ చోటు విడిచి కదిలేవాడు కాడు. తనకూ నేర్పించమని అడిగాడు. "అది మన ఇంటి విద్య కాదు" అన్నాను. శాస్త్రం చదువుకున్నాననే అతిశయం ఆ మాటలో ఉంది. వాడు ఏడిస్తే ఊరడించడానికి పట్నంలో ఒక దుకాణానికి వెళ్ళి, ఉన్నవాటిలో పొడవైనది, లావైనది, చూపులకు ఘనంగా ఉన్నది ఒక వేణువు కొని తెచ్చాను. వాడి వేళ్ళు రంధ్రాలకు అందలేదు. గాలి బుసబుసమని పోయేది తప్ప నాదం పలకలేదు. శ్రద్ధ లేదని నేను మందలించాను. రెండు నెలలకు ఆ వేణువు అటకెక్కింది, రెండు వేసవులకు నిలువునా చీలింది. వాడు మళ్ళీ అడగలేదు. ఎన్నడూ నన్ను నిష్ఠూరమాడలేదు. పెద్దవాడై, పిల్లల తండ్రి అయిన తరువాత ఒక్కసారి మాత్రం నవ్వుతూ, "నాన్నగారూ, అప్పుడు నా వేళ్ళు చిన్నవి" అన్నాడు. ఆ ఒక్క మాటే ఈ వ్యాసానికి మూలం.

శాస్త్రం ఏమంటుంది?

భరతముని నాట్యశాస్త్రంలో వాద్యాలను నాలుగు విధాలుగా విభజించాడు. తీగలు గలవి తతములు, తోలు మూసినవి అవనద్ధములు, కంచుతాళాల వంటివి ఘనములు, రంధ్రము గలిగి గాలితో పలికేవి సుషిరములు. వేణువు, నాదస్వరం, శంఖం, కొమ్ము ఈ నాలుగవ వర్గానివి. మన అటవీప్రాంతపు కోయ సోదరులు పండుగలలో ఊదే కొమ్ము కూడా ఈ కుటుంబంలోనిదే.

పదమూడవ శతాబ్దంలో దేవగిరి యాదవరాజుల ఆశ్రయంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరంలో ఆరవది వాద్యాధ్యాయం. అందులో వేణువుల భేదాలు చెప్పబడ్డాయి. ఊదే రంధ్రానికీ, వేళ్ళ రంధ్రాలలో మొదటిదానికీ నడుమ ఎన్ని అంగుళాల దూరం ఉన్నదో దానినిబట్టి పేరు. ఒక అంగుళమైతే ఏకవీరము, రెండైతే ఉమాపతి, ఏడైతే ముని, ఎనిమిదైతే వసువు, పదకొండైతే రుద్రము, పన్నెండైతే ఆదిత్యము. పేరు వింటేనే కొలత తెలుస్తుంది. వెదురు, చండ్ర, చందనం, దంతం, కంచు, వెండి, బంగారం మొదలైనవాటితో వేణువు చేయవచ్చునని కూడా ఆయన చెప్పాడు.

దీనిలో మనం గ్రహించవలసినది ఒకటున్నది. శాస్త్రంలో అంగుళం స్థిరమైన ప్రమాణమే. అయినా ఆ ప్రమాణం పుట్టినది మనిషి వేలినుండి. వేణువు కొనేటప్పుడు మొదట చూడవలసినది దుకాణంలోని వెదురును కాదు, బిడ్డ చేతిని. నేను ఈ గ్రంథం పాఠం చెప్పినవాణ్ణే. అయినా కొనేవేళ ఆ సంగతి నాకు తోచలేదు.

వేణువు ఎన్నుకొనే విధం

మన కర్ణాటక సంప్రదాయపు వేణువుకు ఊదే రంధ్రం కాక ఎనిమిది రంధ్రాలుంటాయి. వాటిలో ఏడింటిని ఎడమచేతి మూడు వేళ్ళు, కుడిచేతి నాలుగు వేళ్ళు మూస్తాయి. హిందుస్థానీ బాఁసురీకి సాధారణంగా ఆరు రంధ్రాలుంటాయి. గురువు ఏ సంప్రదాయంవారో తెలుసుకోకుండా వేణువు కొనరాదు. ముందు గురువు, పిమ్మట వాద్యం.

వేణువు పొడవు పెరిగినకొద్దీ శ్రుతి తగ్గుతుంది, రంధ్రాల ఎడం పెరుగుతుంది. కాబట్టి ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకు పెద్దలు వాయించే తక్కువ శ్రుతి వేణువులు తగవు. ఐదు లేదా ఆరు శ్రుతి వేణువు, అనగా పాశ్చాత్యులు జి అనీ ఎ అనీ పిలిచే స్థాయిలోని చిన్న వేణువు, అనుకూలంగా ఉంటుంది. వేళ్ళ కొసలతో కాక, కణుపు దగ్గరి మెత్తని భాగంతో రంధ్రాలన్నీ మూయించి చూడండి. మణికట్టు వంకర తిరగకుండా, వేళ్ళు లాగుకొనిపోకుండా అన్నీ మూతపడితే ఆ వేణువు ఆ బిడ్డది. లేకుంటే ఎంత మంచి వేణువైనా వదిలివేయండి.

ముందరి పాలపళ్ళు ఊడి, కొత్తవి వచ్చేదాకా ఆగడం మంచిది. పెదవి కుదురు పళ్ళమీద ఆధారపడి ఉంటుంది. మొదటి రోజుల్లో బలంగా ఊదితే పిల్లలకు తల తిరుగుతుంది. అది జబ్బు కాదు, అతిగా శ్వాస విడవడం. కూర్చోబెట్టి కాసేపు ఊరుకోనివ్వాలి. రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు. మొదటి వారాలలో ఒక్క స్వరం నిలకడగా పలికితే అదే విజయం.

తిరునాళ్ళలో రంగులు పూసి అమ్మే పిల్లనగ్రోవులు ఆటకు ముచ్చటైనవే. పశువుల కాపరులు మన అడవి బొంగుతో చేసుకొనేవీ చెవికి ఇంపైనవే. కాని వాటికి శ్రుతి కుదరదు. శ్రుతి కుదరని వేణువుమీద నేర్చిన బిడ్డ చెవి కూడా అలాగే తయారవుతుంది. కొనేటప్పుడు శ్రుతిపెట్టె వేసి, తెలిసినవారిచేత షడ్జ పంచమాలనూ పై షడ్జాన్నీ పలికించి చూడాలి. వెదురు బాగా ఎండినదై, పగుళ్ళు లేనిదై, లోపల నున్ననిదై ఉండాలి. కొనలకు దారం చుట్టి ఉంటే చీలే భయం తగ్గుతుంది. మన సీమలో వేసవి తాపం తీవ్రం. ఎండలో, మోటారుబండి పెట్టెలో వేణువును ఉంచరాదు. వాయించిన పిమ్మట లోపలి తడిని మెత్తని బట్టతో తుడిచి, అప్పుడప్పుడు కొద్దిగా నూనె రాయాలి.

వేణువును చిన్న వాద్యమని చులకన చేయరాదు. కచేరీలో దానికి ప్రధానస్థానం తెచ్చినవారు కుంభకోణం శరభశాస్త్రిగారు. 1872లో జన్మించిన ఆ మహానుభావుడు అంధుడు. 1904లో, ముప్పైరెండేళ్ళకే పరమపదించారు. రంధ్రాలను చూడలేని వ్యక్తి వేళ్ళతోనే మార్గం ఏర్పరచారు. ఆ తరువాత మాలిగా ప్రసిద్ధులైన టి.ఆర్. మహాలింగంగారు వేణువుమీద గాత్రంవలె గమకాలు పలికించారు.

నాదస్వరం మాటేమిటి?

వేణువులో గాలి రంధ్రపు అంచున చీలి నాదమవుతుంది. నాదస్వరంలో కావేరీతీరపు రెల్లుతో చేసిన రెండు పొరల చిన్న నాళిక పెదవుల నడుమ కంపిస్తుంది. దానికి గాలి ఒత్తిడి చాలా కావాలి. వేళ్ళకు ఏడు రంధ్రాలు, అడుగున శ్రుతి సరిచేసుకొనేందుకు మరికొన్ని ఉంటాయి. ఒకే రంధ్రం మీద స్వరస్థానాలు మార్చడానికి పెదవీ ఊపిరీ కలిసి పనిచేయాలి. పొట్టిదై పైశ్రుతి పలికేది తిమిరి, పొడవైనదై తక్కువ శ్రుతి పలికేది బారి. ఇప్పుడు ప్రచారంలో ఉన్న బారి నాదస్వరానికి టి.ఎన్. రాజరత్నం పిళ్ళైగారు విశేష ప్రసిద్ధి తెచ్చారు.

ఇంత బరువైన వాద్యాన్ని ఎనిమిదేళ్ళ బిడ్డ మోయలేదు. పది, పన్నెండేళ్ళు వచ్చి, రొమ్ము గట్టిపడ్డాక ఆరంభించడం ఉచితం. అంతవరకు గాత్రంలో సరళీస్వరాలు, చిన్న వేణువుమీద ఊపిరి నిలకడ నేర్పితే ఆ శ్రమ వృథా పోదు. చెవి తయారుకానిదే నాదస్వరం స్వాధీనం కాదు.

ఇక "మన ఇంటి విద్య కాదు" అనే మాటకు వస్తాను. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానాగారు శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని సన్నిధిలో నాదస్వరసేవ చేశారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీతకళానిధి బిరుదు పొందారు. తెలుగునాట తరతరాలుగా దేవాలయాలలో మంగళవాద్యసేవ చేసిన ముస్లిము కుటుంబాలెన్నో ఉన్నాయి. గోల్కొండ నవాబు కాలంనుండి ముత్యాల తలంబ్రాల సంప్రదాయం వస్తున్న భద్రాద్రి సన్నిధిలో ఉన్న మనకు ఇది వింతగా తోచకూడదు. ఆడపిల్లకు ఎందుకనే మాటకూ సమాధానముంది. శ్రీమతి కాలీషాబీ మహబూబ్ తమ భర్త షేక్ మహబూబ్ సుభానీగారితో కలిసి జంటగా నాదస్వరం వాయిస్తూ 2020 సంవత్సరపు పద్మశ్రీ గౌరవం అందుకొన్నారు. నాదానికి కులమూ లేదు, ఆడ మగ భేదమూ లేదు. నాకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

ఆ పాపకు ఏమి చెప్పాను?

"ఇలా రా అమ్మా" అని ఆమె చేతిని నా అరచేతిలో పరచుకొని చూశాను. చిటికెన వేలు చాలా చిన్నది. తండ్రితో ఇలా అన్నాను: "నాయనా, వేణువు కొనండి. కాని సన్నాయికి బదులుగా కాదు, సన్నాయికి దారిగా. ఆరు శ్రుతి వేణువు చాలు. రెండు మూడేళ్ళు స్వరం కుదిరాక, ఆమె కోరిక అప్పటికీ అదే అయితే, ఇంట్లో పెద్దలను నా వద్దకు పంపండి. నేను చెబుతాను." ఆ పాప ఆలోచించి, "తాతగారూ, అప్పుడు నా వేళ్ళు పెద్దవవుతాయా?" అని అడిగింది. అవుతాయన్నాను. అంతకుమించి మాట పెగలలేదు.

మా ఊరి ఉత్సవాలకు వచ్చే నాదస్వర విద్వాంసునికి అరవై దాటాయి. ఆయన కుమారులు ఇతర ఉద్యోగాలలో ఉన్నారు. ఆయన తరువాత మేలుకొలుపు వేళ ఎవరు ఊదుతారో తెలియదు. ధ్వనివర్ధకంలో పెట్టే ముద్రితనాదం స్వామిని మేలుకొలుపవచ్చునేమో గాని, చూసి నేర్చుకొనే బిడ్డను మాత్రం తయారుచేయలేదు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానంవారు నాదస్వరం, డోలు విద్యలను పాఠశాలలో నేర్పిస్తున్నారు. ఆసక్తిగల తల్లిదండ్రులు అక్కడ విచారించవచ్చు.

దాతలకు ఒక విన్నపం. గోడమీద పేరు చెక్కించే దానమూ మంచిదే. దానితోపాటు ఒక పేదబిడ్డకు చేతికి సరిపోయే వేణువు కొనిచ్చి, ఏడాదిపాటు గురుదక్షిణ భరించండి. ఇచ్చేముందు ఆ బిడ్డను పిలిచి, వేళ్ళు రంధ్రాలకు అందుతున్నాయో లేదో మీ కళ్ళతో చూడండి. అటకమీద చీలిపోయే వేణువు ఇంకొకటి ఏ ఇంటా ఉండకూడదని ఈ వృద్ధుని కోరిక.

శుభం భూయాత్.