గాలికుంటుకు మందులు: చేసే మేలు, తెచ్చే చిక్కులు

"గాలికుంటు వచ్చిన గేదెకు సూది వేయించినా వెంటనే ఎందుకు తగ్గదు?" సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పాడి రైతులకు కలిగే ఈ సందేహానికి ఈ పాఠంలో జవాబు చెబుతున్నాము.

మందు వైరస్‌ను ఎందుకు చంపదు?

పెన్సిలిన్ వంటి మందులు బాక్టీరియా క్రిముల గోడను దెబ్బతీసి చంపుతాయి. గాలికుంటు వైరస్‌కు ఆ గోడే లేదు. అది పశువు శరీరకణాలలో దూరి, వాటి చేతనే తన సంతతిని పెంచుకుంటుంది. మనుషులకు వచ్చే కొన్ని వైరస్ జబ్బులలో ఈ పెరుగుదలను అడ్డుకునే మందులు ఉన్నాయి. గాలికుంటుకు అటువంటి మందు వాడుకలో లేదు. పశువు తన రక్షణశక్తితోనే కోలుకోవాలి. అంతవరకు దానిని నిలబెట్టడమే చికిత్స.

ఏ మందు ఎందుకు?

నోటి పొక్కులను లేత గులాబీ రంగు పర్మాంగనేటు నీటితో కడిగి, బోరిక్ పొడి కలిపిన గ్లిజరిను పూయాలి. గిట్టల పుండ్లు కడిగి, ఈగలు వాలకుండా వేపనూనె రాయాలి. గట్టి మేత నమలలేదు గనుక తవుడు జావ, లేత పచ్చగడ్డి పెట్టాలి. పుండ్లలో చీము పట్టకుండా డాక్టరు యాంటీబయాటిక్ ఇస్తారు. అది బాక్టీరియా కోసమే గాని వైరస్ కోసం కాదు.

మందుల వల్ల చిక్కులు

యాంటీబయాటిక్ పాలలోకి దిగుతుంది. కాచినా పూర్తిగా పోదు. ఆ పాలు సరిగా తోడుకోవు. ఒక్క సభ్యుని పాలు కలిసినా క్యాను మొత్తానికి ముప్పే. సీసా మీద రాసిన గడువు తీరే వరకు ఆ పాలు సంఘానికి పోయరాదు.

జ్వరం, నొప్పి తగ్గించే మందులు మోతాదు మించితే కడుపుకు, మూత్రపిండాలకు హాని. డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోవడంతో, పశువులకు ఆ మందును మన ప్రభుత్వం 2006లో నిషేధించింది. స్టెరాయిడ్ సూదులు రక్షణశక్తిని తగ్గిస్తాయి. చూడి పశువు ఈచుకుపోవచ్చు. డాక్టరు చెప్పనిదే వీటిని వేయించవద్దు.

టీకా మాటేమిటి?

టీకాలో ఉండేది చంపిన వైరస్. దానిని చూసి శరీరం ముందుగానే రక్షణ సిద్ధం చేసుకుంటుంది. ఇందుకు రెండు మూడు వారాలు పడుతుంది. కనుక ఊళ్ళో రోగం కనిపించాక పరుగెత్తితే ఆలస్యమే. సూది వేసినచోట వాపు, ఒకటి రెండు రోజులు జ్వరం, కొద్దిగా పాలు తగ్గడం ఉండవచ్చు. అవి వాటంతటవే సర్దుకుంటాయి. అరుదుగా ఆయాసం, ఒళ్ళంతా దద్దుర్లు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. పాలు తగ్గుతాయని టీకా మానితే, రోగం వచ్చినపుడు ఆ ఈత పాలే పోవచ్చు. రోగం తగిలిన తల్లి పాలు తాగిన దూడ గుండె దెబ్బతిని హఠాత్తుగా చనిపోవచ్చు.

2019లో మొదలైన జాతీయ పశురోగ నియంత్రణ కార్యక్రమం కింద ఈ టీకా ఉచితం. దూడకు నాలుగో నెల నిండాక మొదటి టీకా, నెలకు రెండవది, ఆపై ఆరు నెలలకొకసారి వేయించాలి.

సంఘాలు చేయవలసినవి

1. టీకా వేసిన తేదీని పశువువారీగా పుస్తకంలో రాయాలి.
2. మందు వాడుతున్న పశువు పాలను గడువు వరకు విడిగా ఉంచమని సభ్యులకు చెప్పాలి.
3. రోగమున్న పశువును విడిగా కట్టేయాలి. సంతకు, ఉమ్మడి తొట్టికి తోలరాదు. కొట్టాన్ని 4 శాతం చాకలిసోడా నీటితో కడగాలి.

రోగం వచ్చాక పెట్టే ఖర్చు కన్నా టీకా రోజున పశువును ఇంటి దగ్గర కట్టి ఉంచడం తేలిక. ఈసారి టీకా బృందం వచ్చినపుడు దూడలతో సహా ఏ పశువునూ వదలవద్దని సభ్యులందరినీ కోరుతున్నాము.