చెవిని నమ్మవచ్చునా? – ఒక హై-ఫై ప్రదర్శన నేర్పిన పాఠం

డెసిబెల్‌ను నిర్వచించమని పరీక్షలో అడిగితే మనలో చాలామందిమి గడగడా అప్పజెప్పేస్తాం. లాగరిథమ్ రాస్తాం, మార్కులు తెచ్చుకుంటాం. అదే డెసిబెల్ దుకాణంలో కూర్చుని మన జేబుకు కన్నం వేస్తుంటే మాత్రం గుర్తుపట్టలేం. భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్న రోజుల్లో నేనూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టినవారు తెనాలి నుంచి వచ్చిన ఒక రిటైర్డు లెక్కల మాస్టారు. ఆ సంగతి చెబుతూ, దానిలో ఉన్న ధ్వనిశాస్త్రాన్ని కూడా కాస్త తరచి చూద్దాం.

మాస్టారి క్యాసెట్టు

1987 చలికాలం. నేను ఇంగ్లండులో లీడ్స్ నగరంలో ఉన్నాను. మాస్టారు డాక్టరైన కొడుకు దగ్గరికి ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చారు. ఆయన భార్య వీణ వాయించేవారు. కచేరీలు చేసినవారు కారు, ఇంటి మట్టుకే. 1969లో ఒక బంధువు తన స్పూలు టేపు రికార్డరు తెచ్చి, గంటసేపు ఆమె వీణను రికార్డు చేశాడట. ఆవిడ 1981లో పోయారు. స్పూలు ఆడించే యంత్రం ఇప్పుడు ఎవరింట్లోనూ లేదు గనుక, మాస్టారు దాన్ని ఊళ్ళో ఒక కుర్రవాడి చేత క్యాసెట్టులోకి ఎక్కించుకుని వెంట తెచ్చుకున్నారు.

కొడుకు ఇంట్లో స్టీరియో మీద పెడితే వీణ వినిపిస్తోంది గాని, "దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుందిరా" అన్నారాయన. "మంచి సెట్టు కొందాం నాన్నా" అన్నాడు కొడుకు. దానికి తొమ్మిది వందల పౌన్లు అవుతుంది. నా స్కాలర్‌షిప్పు లెక్కన అది మూడు నెలల బత్తెం. కొనేముందు వినాలి గదా అని, ఒక హై-ఫై దుకాణం వారు పెట్టిన సాయంకాలపు ప్రదర్శనకు ఆయన్ని తీసుకువెళ్ళే పని నాకు అప్పగించాడు.

బ్రిటన్‌లో ఇటువంటి ప్రదర్శనలు మామూలే. దుకాణం మూసే వేళ దాటాక తలుపులు తెరుస్తారు. టిక్కెట్టు లేదు. కాఫీ, బిస్కెట్లు ఇస్తారు. తయారీదారుల మనిషి ఒకడు వచ్చి, ఒక పరికరం తరవాత మరొకటి ఆడించి చూపిస్తాడు. మేము వెళ్ళిన గది పొడవు నాలుగు మీటర్లకు మించదు. రెండు వరసల్లో ఎనిమిది కుర్చీలు. ఎదురుగా ఒకే ఒక జత స్పీకర్లు. మిగతావన్నీ బయట పెట్టేశారు. పక్కనే ఊరికే ఉన్న స్పీకర్ల అట్టలు కూడా ఆ ధ్వనికి కంపించి సంగీతాన్ని పాడుచేస్తాయని స్కాట్లండుకు చెందిన లిన్ కంపెనీ వారు 1970ల నుంచీ వాదిస్తూ వచ్చారు. చాలా దుకాణాలు ఆ పద్ధతి పట్టాయి.

ప్రదర్శనల పాత చరిత్ర

హై ఫిడిలిటీ అంటే అసలు ధ్వనికి ఎక్కువ నమ్మకంగా ఉండటం. మరి నమ్మకంగా ఉందని నిరూపించేదెలా? దీనికోసం మొదటినుంచీ జనాన్ని కూర్చోబెట్టి వినిపించటమే మార్గమైంది.

అమెరికాలో ఎడిసన్ కంపెనీ 1915 నుంచి దాదాపు పదేళ్ళపాటు ఊరూరా "టోన్ టెస్టులు" జరిపింది. గాయని వేదిక మీద ఫోనోగ్రాఫు పక్కన నిలబడి పాడేది. దీపాలు ఆర్పేవారు. వెలిగించేసరికి గాయని ఉండేది కాదు, యంత్రం పాడుతూ ఉండేది! ఎప్పుడు మారిందో తెలియలేదని జనం ఆశ్చర్యపోయేవారు. ఆ ప్రదర్శనల్లో పాడిన అన్నా కేస్ మాత్రం, గొంతును యంత్రానికి తగ్గట్టు సర్దుకుని పాడానని తరవాత ఎన్నో ఏళ్ళకు చెప్పింది. యంత్రం మనిషిలా పాడలేదు, మనిషే యంత్రంలా పాడింది అన్నమాట.

1954 నవంబరులో వార్ఫ్‌డేల్ స్పీకర్ల వ్యవస్థాపకుడు గిల్బర్ట్ బ్రిగ్స్, క్వాడ్ ఆంప్లిఫయర్ల నిర్మాత పీటర్ వాకర్ సాయంతో లండన్ రాయల్ ఫెస్టివల్ హాలులో ఇటువంటి ప్రదర్శనే పెట్టాడు. వేదిక మీద వాయించినదాన్నీ దాని రికార్డునూ వెంటవెంటనే వినిపించి, తేడా మీరే తేల్చుకోండన్నాడు. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ స్థాపించిన అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ, ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ వాద్యబృందంతో అదే పని చేసింది. ఆ కంపెనీ న్యూయార్కు గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషనులో ఒక సంగీతపు గది కూడా నడిపింది. అక్కడ ఎవరైనా వినవచ్చు, అమ్మకం మాత్రం లేదు.

వీటికీ దుకాణంలో ప్రదర్శనకూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. అక్కడ పోలిక అసలు వాద్యంతో. దుకాణంలో అసలు వాద్యం ఉండదు. ఒక పెట్టెను మరో పెట్టెతో పోల్చటమే. అప్పుడు "నమ్మకంగా ఉన్నది ఏది?" అనే ప్రశ్న, మనకు తెలియకుండానే, "ఇంపుగా ఉన్నది ఏది?" అని మారిపోతుంది.

మొదటి పాఠం: బిగ్గరగా ఉన్నదే మంచిదనిపిస్తుంది

ప్రదర్శకుడు మొదట ఒక మామూలు ఆంప్లిఫయరు వినిపించాడు. తరవాత ఖరీదైనది పెట్టాడు. నా ప్రాణం లేచి వచ్చింది. పాటలో నిండుతనం వచ్చింది, గంభీరత వచ్చింది, ఇందాక లేని చిన్న చిన్న చప్పుళ్ళు పైకి వచ్చాయి. గదిలో అందరూ తలలూపారు. మాస్టారు ఊపలేదు. నా చెవిలో, "ఏమోయ్, రెండూ ఒకే బిగ్గరతో వాయించాడని మనకెట్లా తెలుసు? అడుగు" అన్నారు.

"వాల్యూము మరను రెంటిలోనూ ఒకేచోట పెట్టాడు గదా మాస్టారూ!"

"మర ఒకేచోట ఉంటే? రెండు బళ్ళకు పగ్గాలు ఒకేలా పట్టుకుంటే ఒకే వేగంతో పోతాయా?"

సిగ్గుపడుతూనే అడిగాను. ఆ ప్రదర్శకుడు యోగ్యుడు. కాసేపు ఆలోచించి, "నాకూ తెలియదు, చూద్దాం" అని రిపేరు బల్ల మీదినుంచి వోల్టుమీటరు తెప్పించాడు. టెస్టు రికార్డులోని 1000 హెర్ట్జ్ స్వరం పెట్టి స్పీకరు తీగల దగ్గర కొలిచాడు. మొదటిదానికి 2.0 వోల్టులు, రెండోదానికి 2.3 వోల్టులు.

ఇప్పుడు మన పరీక్ష లెక్క చేద్దాం. 20 × లాగ్ (2.3/2.0) = సుమారు 1.2 డెసిబెల్. శక్తిలో చెబితే దాదాపు 32 శాతం ఎక్కువ. ఇంత కొద్ది తేడాను చెవి "బిగ్గర పెరిగింది" అని గుర్తించదు. "నాణ్యం పెరిగింది" అని గుర్తిస్తుంది! కిటుకు అంతా ఇక్కడే ఉంది. దీనికి ఒక కారణం 1933లో బెల్ లాబొరేటరీలకు చెందిన ఫ్లెచర్, మన్‌సన్ ప్రచురించిన వక్రరేఖల్లో కనిపిస్తుంది. శబ్దం మెల్లగా ఉన్నప్పుడు మన చెవి మంద్ర ధ్వనులను బాగా తక్కువగా వింటుంది. బిగ్గర పెంచుతున్నకొద్దీ మధ్య ధ్వనులకంటె మంద్రాలు త్వరగా పుంజుకుంటాయి. అందుకే కొంచెం పెంచితే చాలు, "నిండుగా ఉంది" అంటాం.

స్పీకర్లలో ఈ మోసం ఇంకా పెద్దది. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఒకటి 87 డెసిబెల్ ఇవ్వవచ్చు, మరొకటి 90 ఇవ్వవచ్చు. మూడు డెసిబెల్ అంటే శక్తి రెట్టింపు చేసినట్టు. అమ్మేవాడికి దురుద్దేశం లేకపోయినా పోటీలో ఒకటి ముందే గెలిచిపోయింది.

రెండో పాఠం: ముసుగు వేసి అడగాలి

వోల్టులు సమానం చేశాక ప్రదర్శకుడికీ ఉత్సాహం పుట్టింది. రెండు ఆంప్లిఫయర్ల మీదా గుడ్డ కప్పాడు. నాణెం ఎగరేసి, పడినదాన్ని బట్టి ఏదో ఒకటి ఆడించాడు. పదిసార్లు. మాస్టారు కాగితం మీద ఒకటి, రెండు అని రాసుకుంటూ పోయారు. చివరికి ఆరు సరిపోయాయి.

"ఆరంటే సగానికి మించిందిగా మాస్టారూ, తేడా పట్టేశారు" అన్నాను.

ఆయన నవ్వి, కాగితం వెనక్కి తిప్పి లెక్క వేశారు. ఏమీ వినకుండా గుడ్డిగా రాసినా, పదింట ఆరు లేదా అంతకు మించి సరిపోయే అవకాశం 1024లో 386. అంటే దాదాపు 38 శాతం. తొమ్మిదికి తగ్గకుండా సరిపోయి ఉంటే ఆ అవకాశం 1024లో 11 మాత్రమే, అప్పుడు ఆలోచించాలి. "నేను విన్నానని చెప్పటానికి ఈ ఆరు చాలవు" అన్నారు.

ఇక్కడ తొందరపడకూడదు. ఆంప్లిఫయర్లన్నీ ఒకటేనని దీనివల్ల రుజువు కాలేదు. ఆ రెండింటి తేడాను, ఆ సాయంత్రం, ఆయన చెవి పట్టుకున్నట్టు రుజువు కాలేదు, అంతే. శాస్త్రంలో ఎంత రుజువైతే అంతే చెప్పాలి.

మూడో పాఠం: గది కూడా ఒక వాద్యమే

నేను ముందు వరసలో, అంటే గది నడిమధ్య కూర్చున్నాను. మాస్టారు వెనక గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆయనకు మంద్రం గుమగుమలాడిందట. నాకు పలచగా ఉంది. కుర్చీలు మార్చుకున్నాం. అభిప్రాయాలూ మారిపోయాయి!

కారణం మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది, స్థిర తరంగాలు. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర సెకనుకు 343 మీటర్లు. నాలుగు మీటర్ల గదిలో మొదటి అనునాదం 343/(2×4), అంటే సుమారు 43 హెర్ట్జ్. ఆ స్వరానికి పీడనం గోడల దగ్గర గరిష్ఠం, నడిమధ్య కనిష్ఠం. డబుల్ బేస్ అడుగు తీగ పలికేది సుమారు 41 హెర్ట్జ్ దగ్గరే. కాబట్టి గోడ దగ్గర కూర్చున్నవాడికి ఆ తీగ ఏనుగు, మధ్యన కూర్చున్నవాడికి ఎలుక. దుకాణం గదిలో విని మెచ్చుకున్నది మన ఇంటి గదిలో అలాగే ఉండాలని లేదు.

ఏ రికార్డు పట్టుకువెళ్ళాలి?

దుకాణం వారు వినిపించే రికార్డు వారి పరికరానికి నప్పేదే అయి ఉంటుంది. మనం ఎదురుగా కూర్చుని ఎరిగిన వాద్యం పట్టుకువెళ్ళాలి. మనవారికి మృదంగాన్ని మించింది లేదంటాను. మామూలు డోలు చర్మం పలికే స్వరాల నిష్పత్తి 1, 1.59, 2.14, 2.30 ఇలా అపశ్రుతిగా పోతుంది. మృదంగం కుడిమూత మీద నల్లని కరణి ముద్ద పెట్టడం వల్ల ఆ స్వరాలు 1, 2, 3, 4, 5 అని తీగ వాద్యంలో లాగా వరసలో నిలుస్తాయి. దీన్ని 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి "నేచర్" పత్రికలోనూ, 1934లో మరింత విపులంగానూ వివరించినవారు విశాఖపట్నంలో చదువుకుని పెరిగిన సి.వి. రామన్ గారే. కుడిమూత నాదం స్పష్టంగా, శ్రుతిబద్ధంగా వినిపిస్తోందా? రవ్వముద్ద పెట్టిన ఎడమమూత గుంకారం ఊగిపోకుండా ఆగవలసినచోట ఆగుతోందా? ఈ రెండు ప్రశ్నలు చాలు, స్పీకరు సంగతి, గది సంగతి బయటపడతాయి.

అసలు జబ్బు ఎక్కడ?

చివరికి మాస్టారు జేబులోంచి క్యాసెట్టు తీశారు. ఆ గదిలో ఉన్నవాటిలో అతి ఖరీదైన సెట్టు మీద పెట్టారు. ఇంట్లో కంటె అధ్వాన్నం! బుస్సుమనే శబ్దం పెద్దదయింది, దుప్పటి మాత్రం తొలగలేదు. ఆయన ముఖం చూడలేకపోయాను. అరవై దాటిన చాలామందికి పది పన్నెండు వేల హెర్ట్జ్ పైన వినికిడి తగ్గిపోతుంది. "నా చెవులే పోయాయి కాబోలు" అని ఆయన గొణిగారు. కాని నా చెవికీ అలాగే ఉంది.

ప్రదర్శకుడు ఒక నిమిషం విని, చిన్న స్క్రూడ్రైవరు తెచ్చాడు. టేపు నడిచే దిశకు హెడ్డులోని సన్నని చీలిక సరిగ్గా 90 డిగ్రీల్లో నిలబడాలి. రికార్డు చేసిన యంత్రంలో అది కొంచెం ఒరిగి ఉంటే, సరిగా ఉన్న యంత్రంలో తార ధ్వనులు చెదిరిపోతాయి. క్యాసెట్టు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున మాత్రమే నడుస్తుంది. అందువల్ల తార ధ్వనుల అలలు టేపు మీద మరీ చిన్నవై, ఆ కొద్ది ఒరుగుదలకే తుడిచిపెట్టుకుపోతాయి. స్పూలు నుంచి ఎక్కించిన యంత్రంలో జరిగింది అదే. అతను హెడ్డు పక్క మరను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పోయాడు.

ఒకచోట దుప్పటి తొలగింది. మీటు వినిపించింది. దానితోపాటు చిటికెనవేలు తాళం తీగలను మీటటం కూడా వినిపించింది. మాస్టారు తొడ మీద వేళ్ళతో తాళం వేస్తూ ఉండిపోయారు. టేపు ఒక పక్క అయిపోయేదాకా ఎవరూ లేవలేదు. తరవాత అతను మరను మళ్ళీ యథాస్థానానికి తెచ్చాడు. అలా తేకపోతే మిగతా క్యాసెట్టులన్నీ పాడుగా వినిపిస్తాయి.

ఆ రాత్రి ఆయన తొమ్మిది వందల పౌన్లు ఖర్చు పెట్టలేదు. ఆ స్థితిలో హెడ్డు పెట్టి, క్యాసెట్టును మరోదానిలోకి సరిగా ఎక్కించి ఇమ్మని అడిగారు. మర్నాటికి ఇచ్చారు. డబ్బు పుచ్చుకోలేదు.

చివరి మాట

మీరిప్పుడు కొనేవి చెవిలో పెట్టుకునే చిన్న ఇయర్‌ఫోన్లు కావచ్చు. సూత్రాలు మారలేదు. బిగ్గర సమానం చేసి పోల్చండి. వెంటవెంటనే మార్చి వినండి, ధ్వని జ్ఞాపకం ఎక్కువసేపు నిలవదు. ధర, పేరు కనపడకుండా మరొకరి చేత మార్పించుకోండి. మీరు ఎరిగిన సంగీతాన్నే వినండి. అన్నిటికీ ముందు, జబ్బు ఎక్కడుందో తెలుసుకోండి. యంత్రంలోనా, గదిలోనా, రికార్డులోనా, చెవిలోనా?

చెవిని నమ్మవచ్చునా అంటే, నమ్మవచ్చు. కాని మాస్టారిలాగా, దాన్ని కూడా ఒక ప్రశ్న అడిగి మరీ నమ్మాలి.