పాత లగ్జరీ కారులో బ్లూటూత్ కాలింగ్

ప్రశ్న: 2005 నాటి మెర్సిడెస్ ఈ-క్లాస్‌కు బ్లూటూత్ పెట్టించవచ్చా? స్టీరింగ్ మీది ఫోన్ బటన్లు పనిచేస్తాయా?
– ఒక పాఠకుడు, భిలాయ్ (దుర్గ్ జిల్లా)

జవాబు: పెట్టించవచ్చు. అయితే ఈ తరం (డబ్ల్యూ211) కారులో మామూలు స్టీరియోలా తీగలు కలిపితే కుదరదు. ఆడియో, ఫోన్ యూనిట్లు ‘మోస్ట్’ అనే ఆప్టికల్ ఫైబర్ వలయంలో ఉంటాయి. ఒక్కచోట తెగినా వ్యవస్థ మొత్తం మూగబోతుంది.

ముందుగా ఆర్మ్‌రెస్ట్ పెట్టెలో ఫోన్ క్రెడిల్ కనెక్టర్ ఉందో లేదో చూడాలి. కనెక్టర్‌తోపాటు కంపెనీ ఫోన్ మాడ్యూల్ కూడా ఉంటే, దానికి సరిపడే బ్లూటూత్ అడాప్టర్ బిగిస్తే చాలు. స్టీరింగ్ బటన్లూ పనిచేస్తాయి. లేకపోతే మోస్ట్ వలయంలో చేరే అడాప్టర్ కావాలి. ఫైబర్‌ను 25 మిల్లీమీటర్ల వ్యాసార్థం కన్నా బిగువుగా వంచకూడదు. కాల్స్‌కు హెచ్‌ఎఫ్‌పీ, పాటలకు ఏ2డీపీ ప్రొఫైల్ అవసరం. కొన్ని పాత అడాప్టర్లలో మొదటిదే ఉంటుంది.

మైకును ఏసీ గాలి తగలకుండా డ్రైవర్ తలపైన అమర్చాలి. దుర్గ్ ఎండలకు జిగురు టేపు ఊడిపోతుంది కనుక క్లిప్పు మేలు. కరెంటును ఫ్యూజు ద్వారా తీసుకోవాలి. అది ఇగ్నిషన్‌తో ఆగే లైను కాకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

ఖర్చు వద్దనుకుంటే సన్‌వైజర్‌కు తగిలించే బ్లూటూత్ స్పీకర్ ఉంది. దానికి స్టీరింగ్ బటన్లు మాత్రం పనిచేయవు.