మన నేలకు మన మట్టి రంగే వేయాలి

బిట్రగుంట రైల్వే షెడ్డులో పనిచేసి రిటైరయ్యాక బోగోలులో స్థిరపడ్డాను. మనవడి కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2004 చూసింది ఇక్కడే. వాడు రేణిగుంటలో విమానం దించాడు. రన్‌వే ఉంది, కొండలున్నాయి, నేల మాత్రం మనది కాదు. ఆ నేలను దిద్దాలని కూర్చున్నవాణ్ణి ఏళ్ల తరబడి లేవలేదు. చెడగొట్టి, సరిచేసి నేర్చుకున్న సంగతులు ఈ పనిలోకి దిగే పిల్లల కోసం రాస్తున్నాను.

1. అసలు ఫైలు ముట్టుకోవద్దు. మొదట్లో రేణిగుంటలో విమానాలు నిలిపే అప్రాన్‌కు నూనె మరక వేసి అసలు ఫైలు మీదే సేవ్ చేశాను. మర్నాడు మనవడు, "ఏంది తాతా, లండన్‌లో కూడా నీ మరకే ఉంది!" అన్నాడు. కాంక్రీటు, తారు బొమ్మలను ప్రపంచంలోని విమానాశ్రయాలన్నీ పంచుకుంటాయి. మన సీనరీకి విడిగా టెక్స్చర్ ఫోల్డర్ పెట్టి, ఫైలుకు కొత్త పేరు పెట్టండి.

2. కొలత తప్పొద్దు. బొమ్మ పక్కలు 256, 512, 1024 చుక్కలు (పిక్సెళ్లు), ఇలా రెట్టింపులుగానే ఉండాలి. నేను 1000 పెట్టి, నేల ఎందుకు రాలేదా అని రెండు రాత్రులు వెతికాను.

3. నేల వేరు, గీతలు వేరు. ఈ సిమ్యులేటర్ నేల బొమ్మలో ఒక్కో చుక్క దాదాపు 4.8 మీటర్లు. 45 మీటర్ల రన్‌వే అడ్డంగా తొమ్మిది చుక్కలే. ట్యాక్సీవే మధ్య పసుపు గీత వెడల్పు 15 సెంటీమీటర్లు. అది అందులో ఎలా పడుతుంది? మట్టి, గడ్డి ఆ బొమ్మలో వేయండి. గీతలను దానిపైన వేరే పొరగా పరవండి.

4. మూలప్రతి దాచుకోండి. 1024 బొమ్మ 32 బిట్లలో 4 ఎంబీ ఉంటే, డీఎక్స్‌టీ1 అనే కుదింపు రూపంలో అర ఎంబీకి దిగుతుంది. పాత కంప్యూటర్‌కు అది వరమే. కానీ దాన్నే మళ్లీ తెరిచి దిద్ది మళ్లీ కుదిస్తే గీతల అంచులు పాడవుతాయి. ఎప్పుడూ మూలప్రతిలో దిద్ది, చివర్లో ఒక్కసారి కుదించండి.

5. మిప్‌మ్యాప్‌లు మరవద్దు. అవి దూరం నుంచి చూసేందుకు చేసే చిన్న నకళ్లు. అవి లేకపోతే ల్యాండింగ్‌కు వస్తున్నప్పుడు నేలంతా మిణుకుమిణుకుమంటుంది. సైజు మూడో వంతు పెరిగినా పెట్టాల్సిందే.

6. రంగు మట్టిని అడగండి. ఉపగ్రహ చిత్రంలో గాలి మసక వల్ల నీలిఛాయ కలుస్తుంది. రేణిగుంట వెళ్లినప్పుడు గుప్పెడు మట్టి పొట్లం కట్టుకొచ్చాను. తెల్ల కాగితం మీద పోసి, సగం తడిపి, ఎండలో పెట్టి చూశాను. పొడి సగం ఇటుకపొడిలా తేలిపోయింది, తడి సగం కాచిన బెల్లంలా ముదిరింది. రెండు రంగులూ వాడాను. అప్పటికిగానీ ఆ నేల మనదనిపించలేదు.

7. ఋతువులు మనవి పెట్టండి. సిమ్యులేటర్ వేసవిని పచ్చగా, శీతాకాలాన్ని ఎండుగా అనుకుంటుంది. మన దగ్గర రోహిణి కార్తెలో నేల నెర్రెలిస్తుంది. పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సంక్రాంతికి గడ్డి ఇంకా పచ్చగానే ఉంటుంది. అందుకే వేసవి ఫైల్లో ఎండుగడ్డి, శీతాకాలపు ఫైల్లో పచ్చదనం వేశాను. మంచు ఫైల్లోనూ ఆ పచ్చదనాన్నే పెట్టాను.

8. మరకకు కారణం ఉండాలి. ఇంజన్ ఎక్కడ నిలబడిందో నేల చూసి చెప్పడం మాకు షెడ్డులో అలవాటు. విమానాశ్రయమూ అంతే. చక్రాలు తాకేది రన్‌వే మొదటి అంచున కాదు, సుమారు 300 మీటర్లు లోపల. టైర్ల నలుపు అక్కడే చిక్కగా, మధ్యగీతకు రెండు వైపులా పడుతుంది, పోనుపోను పలచబడుతుంది. పక్క అంచులకు ఆ నలుపు పెద్దగా అంటదు. రన్‌వే అంతా ఒకే నలుపు పూస్తే అక్కడ విమానం దిగినట్టే ఉండదు.

9. ఏ ఏడాది నేలో ముందే తేల్చుకోండి. 2003లో వచ్చిన ఈ ఆటలో హైదరాబాద్ విమానాశ్రయం అంటే బేగంపేటే. శంషాబాద్ 2008 మార్చిలో మొదలైంది. పాత బేగంపేటను పాతగానే వేయండి. అక్కడి నుంచి మొదటిసారి విమానమెక్కి దేశం దాటిన మన పిల్లలు ఎందరో. వాళ్లు చూస్తే గుర్తుపట్టాలి.

మా పక్కనే దగదర్తిలో విమానాశ్రయం వస్తుందని ఏళ్లుగా వింటున్నాం. అక్కడి మట్టి కూడా ఒక పొట్లం కట్టి, రేణిగుంట పొట్లం పక్కనే సొరుగులో పెట్టాను. మనవడికి ఆ సొరుగు చూపించాను.